టాలివర్ ఇంటి వెనక గది

మల్లికార్జునరావుకి అసహ్యం పుట్టుకతో వచ్చిన గుణం. నిడదవోలులో ఆయన్ని చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు: పెళ్ళి పంక్తిలో పక్కవాడు చారు జుర్రిన చప్పుడైతే చాలు, ఈ పిల్లాడు విస్తరి ముందునుంచి లేచిపోయేవాడట. కాకినాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మెస్సువాడు కడిగిచ్చిన గ్లాసు మళ్ళీ తాను కడిగి, పెదవికి తగలకుండా ఎత్తిపోసుకు తాగేవాడు. రోడ్లు భవనాల శాఖలో పనిచేసినన్నాళ్ళూ సైటు దగ్గర టీ తాగలేక ఇంటినుంచి ఫ్లాస్కు మోసుకెళ్ళాడు. అందరూ కంప్యూటర్ కోర్సులు చేసి విమానాలెక్కుతున్న రోజుల్లో ఆయనా కోబాల్ నేర్చుకుని డాలస్‌లో దిగాడు. అమెరికాలో ఆయనకి మొట్టమొదట నచ్చింది జీతం కాదు, పేపర్ టవల్.

ఇలాంటి మనిషి అరవైకి దగ్గరపడుతుండగా, ఎవరిదో నూటడెబ్బై ఏళ్ళనాటి కొంపలో జంతువుల పెంట ఎత్తుతూ శనివారాలు గడుపుతాడంటే, ఆయన భార్య ఉజ్వలే మొదట నమ్మలేదు.

దానికి కారణం కూతురు దేదీప్య. హైస్కూల్ పిల్లలకి కాలేజీ అప్లికేషన్లలో చూపించుకోవడానికి వాలంటీరు పని కావాలి. కాపెల్‌లోని వాళ్ళ ఇంటినుంచి హైవే మీద అరగంట దూరంలో హాల్‌బ్రూక్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఒక పాత ఇంటిని బాగుచేస్తున్నారని, పిల్లలు కావాలని ఎవరో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పిల్లకింకా లైసెన్సు రాలేదు. రావుని ఆ ఏడే కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. ఇంట్లో కూర్చుని, ఉజ్వల డెంటల్ క్లినిక్ నుంచి వచ్చేసరికి సింకు తళతళలాడేలా తోమిపెట్టడం తప్ప ఆయనకి పనేమీ లేదు. కాబట్టి డ్రైవ్ చేసే పని ఆయనకే పడింది.

ఆ ఇల్లు ఎఫ్రాయిమ్ టాలివర్ అనే ఆయన కట్టుకున్నది. టెక్సస్ అమెరికాలో కలిసిన కొత్తలో టెన్నెసీ నుంచి ఎడ్లబళ్ళ మీద వచ్చి, వాగు ఒడ్డున భూమి పట్టి, ఓక్ చెట్లు నరికి ఆ దుంగలతో రెండు గదులు లేపాడు. గదుల మధ్య గాలి ఆడటానికి వసారాలాంటి దారి వదిలాడు. తరవాతి తరాలవాళ్ళు ఆ దుంగల మీద పలకలు కొట్టి, పలకల మీద కాగితాలు అంటించి, కాగితాల మీద రంగులు పూసి, మొదటి ఇంటిని లోపలెక్కడో సమాధి చేశారు. ఆఖరున అందులో ఉన్న ముసలాయన పోయాక చాలా ఏళ్ళు తాళం పడింది. ఆ తాళం ఎఫ్రాయిమ్ మునిమనవరాలి కూతురు కారొలిన్ తీయించింది. డెబ్బై దాటిన మనిషి, మెళ్ళో ముత్యాలు, మెత్తటి మాట. ఊరివాళ్ళని కూడగట్టి ఒక సంఘం పెట్టి, ఇంటిని మళ్ళీ ఎఫ్రాయిమ్ నాటి రూపానికి తెస్తానని పూనుకుంది.

మొదటిరోజు తలుపు తీయగానే కొట్టిన వాసన రావుకి చచ్చేదాకా గుర్తుంటుంది. కుళ్ళిన ఉల్లిపాయలూ తడిసిన కుక్కా ఆసుపత్రి మరుగుదొడ్డీ కలిపి, మూతపెట్టి, ఒక వేసవంతా ఎండలో ఉంచితే వచ్చే వాసన అది. అటక మీద రకూన్‌లు కాపురం పెట్టాయి. పిల్లికి పెద్దది, కుక్కకి చిన్నది, కళ్ళకి నల్లగుడ్డ చుట్టుకున్నట్టుండే జంతువు. గుంపంతా ఒకేచోట దొడ్డికి పోవడం వాటి అలవాటట. ఆ చోటు సరిగ్గా ముందుగది నెత్తిన ఉంది. ఏళ్ళ తరబడి పేరుకున్నది బరువుకి అటక పలకల్లోంచి కిందికి కారి, గోడ కాగితాల మీద చారలు కట్టి ఎండిపోయింది. ఇల్లు బాగుచేసే కాంట్రాక్టర్ డ్వేన్, దాంట్లో పురుగుల గుడ్లుంటాయని, ఊపిరితో లోపలికి పోతే ప్రమాదమని, మాస్కు లేకుండా అడుగుపెట్టొద్దని చెబుతూ, చెంపలో పెట్టుకున్న పొగాకు రసాన్ని చేతిలోని ఖాళీ కోక్ సీసాలోకి ఉమ్మాడు. సీసా సగానికి పైగా నిండి ఉంది.

రావు బయటికి నడిచి, పెకాన్ చెట్టు మొదట్లో పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం కక్కుకున్నాడు.

దేదీప్య ఆయన వీపు రాసి, "డాడీ, ఐ కాంట్. ఛీ, ఇది చాలా గ్రాస్‌గా ఉంది. నేను లైబ్రరీలో చేస్తాను వాలంటీరింగ్" అంది. అంతే. ఆ పిల్ల మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

రావు మాత్రం తరవాతి శనివారం వెళ్ళాడు.  ఆ వారమంతా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ గోడల మీది చారలే కళ్ళకి కట్టాయి. అక్కడ ఆ మురికి అలా ఉందని తెలిశాక, దాన్ని ఉన్నచోట ఉండనిచ్చి ఊరుకోవడం ఆయన ఒంటికి పడలేదు. మాస్కులు, గ్లవ్స్, నెత్తినుంచి పాదాల దాకా కప్పే తెల్ల ప్లాస్టిక్ సూటు కొనుక్కుని పోయాడు. అటక ఎక్కి, చెంబుతో నీళ్ళు చిలకరించి, గట్టిపడ్డ పెంటని పలక పలకగా లేపి సంచుల్లోకి ఎత్తాడు. ఓకరింత వచ్చినప్పుడల్లా ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. కడుపులో తిప్పని మనిషి తొందరగా ముగించి పోతాడు. ఈయనకి తిప్పుతున్నంతసేపూ పని పూర్తికాలేదన్నమాటే. అందుకే పలకల సందుల్లో పుల్ల పెట్టి గోకి మరీ తీశాడు.

ఉజ్వల గరాజ్ తలుపు దగ్గరే ఆపేసేది. "ఆ బట్టలు అక్కడే విప్పండి. మీరు అలాగే లోపలికొస్తే నేను బయటికి పోవాల్సొస్తుంది" అనేది. ఆయన మారుమాట్లాడకుండా విప్పేవాడు. ఆవిడ కంటే ఆయనకే ఎక్కువ రోత.

నెలల మీద పని సాగింది. అటక తరవాత నేల. కార్పెట్టు కింద ఇంకో కార్పెట్టు, దానికింద అతుక్కుపోయిన లినోలియం, ఆ కింద చచ్చి ఎండిన ఎలుకలు, బొద్దింకల రెక్కలు, పాము వదిలిన కుబుసాలు. గోడలు ఒలిస్తే పలకల వెనక పాత తేనెపట్టు, అందులో నల్లగా మారిన తేనె, వేలకొద్దీ చచ్చిన తేనెటీగలు. చివరికి ఒకరోజు అన్నీ ఊడదీశాక అసలు దుంగలు బయటపడ్డాయి. గొడ్డలి పడ్డ ప్రతి చోటా చంద్రవంకలాంటి గాటు. మూలల్లో దుంగ మీద దుంగ చేతివేళ్ళు పెనవేసుకున్నట్టు కూర్చున్నాయి, ఒక్క మేకు లేదు. సందుల్లో సున్నం కలిపిన మట్టి. రావు మెత్తటి బ్రష్షుతో వాటిని తుడిచి, గ్లవ్ తీసి, ఉత్త చేత్తో ముట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన ఉత్త చేత్తో ముట్టుకున్న మొదటి వస్తువు అదే. కారొలిన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని, మిస్టర్ రావ్ లేకపోతే ఈ ఇల్లు లేదని అందరి ముందూ చెప్పింది. ఇంజినీరని తెలిశాక ఏ దూలం ఉంచాలో ఏది మార్చాలో ఆయన్నే అడగసాగింది.

మనవాళ్ళకి మాత్రం ఈ సంగతి నవ్వులాట అయింది. అర్వింగ్‌లో ఉండే వినీత్ రావుకి పాత ఆఫీస్ స్నేహితుడు, కరీంనగర్ వాడు. వాళ్ళింట్లో తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్ విందుకి పోయినప్పుడు వినీతే మాట ఎత్తాడు. "మస్తు చదువుకున్నవ్, ఇంజినీర్‌వి. గా పెంట ఎత్తుడు నీకెందుకన్నా? రెజ్యూమె అప్‌డేట్ చేసుకోరాదూ" అన్నాడు. వాడి మామగారు ధర్మారావు విజయవాడ నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నాడు. సోఫాలో కాలు మీద కాలేసుకున్న ఆ పెద్దాయన అందుకున్నాడు: "మా తాతలనాడు ఈ పని చేసేవాళ్ళకి దొడ్డిదారి వేరే ఉండేదండీ. ముందు వాకిలి తొక్కనిచ్చేవాళ్ళం కాదు. మీరేమో ఇంతదూరం వచ్చి ఏరికోరి చేస్తున్నారు."

అందరూ నవ్వారు. రావు నవ్వలేదు. ఇంటికొచ్చేటప్పుడు కార్‌లో ఉజ్వలతో, ఆ ముసలాయన పక్కన ఇంకెప్పుడూ కూర్చోనని మాత్రం అన్నాడు.

ఇంటి వెనకవైపు, వంటగదికి ఆనించి, చూరు బాగా కిందికి దించి కట్టిన చిన్న గది ఒకటుంది. అన్నిటికంటే చివర దాని వంతు వచ్చింది. పాత టైర్లు, గడ్డకట్టిన రంగు డబ్బాలు, ఎలుకలు పిల్లలు పెట్టిన పరుపు, ఎవరివో బూట్లు, అన్నీ దాన్లో కుక్కేశారు. రావు ఒక్కడే కూర్చుని కొన్ని వారాలు వాటిని బయటికి లాగాడు. పరుపు ఎత్తబోతే చేతుల్లో విచ్చిపోయి, రోమం మొలవని ఎర్రటి ఎలుకపిల్లలు బిలబిల రాలాయి. ఆ పూట ఆయన తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా తెరవలేదు.

గది ఖాళీ అయ్యాక చూస్తే దానికి కిటికీ లేదు. ఒకటే తలుపు, పెద్దవాళ్ళు వంగి దూరాల్సినంత పొట్టిది. తలుపుకి అటూ ఇటూ దుంగలో దిగ్గొట్టిన ఇనప కొక్కేలున్నాయి, అడ్డకర్ర వేయడానికి. అవి బయటివైపు ఉన్నాయి. రావు ముందు అది సామాను గది అనుకున్నాడు. కానీ బయట వేసిన అడ్డకర్ర దొంగని ఆపదు. ఎవడైనా తీసి లోపలికి పోవచ్చు. అది ఆపగలిగేది లోపలున్నవాళ్ళని మాత్రమే.

టార్చ్ వేసి గోడలు చూశాడు. ముందు గదుల్లో ఉన్న గొడ్డలి గాట్లే ఇక్కడా ఉన్నాయి. అదే చెయ్యి, అదే కాలం. నేలకి మూరెడు ఎత్తున మాత్రం ఆ గాట్లు లేవు. చుట్టూరా ఒక పట్టీలాగా, దుంగలు అద్దంలా నున్నబడి ఉన్నాయి. మనుషులు కింద కూర్చుని వీపులు ఆనించి ఆనించి అరగదీసిన నునుపు అది. కొన్నిచోట్ల ఆ పట్టీ బాగా కిందికి ఉంది. పిల్లల వీపులవి.

రావుకి ఓకరింత వచ్చింది. గదిలో వాసనేమీ లేదు, తుడిచి కడిగింది ఆయనే. అయినా వచ్చింది. బయటికొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. డ్వేన్ వచ్చి, తలుపు కొక్కేలు చూసి, సీసాలోకి ఉమ్మి, తనకి చాన్నాళ్ళ కిందటే అనుమానం వచ్చిందని, అనుకున్నదే నిజమైందని చెప్పి తన పనికి పోయాడు.

కారొలిన్‌కి చెబితే అదిరిపడుతుందనుకున్నాడు రావు. ఆవిడ అదిరిపడలేదు. ఆ మరుసటి శనివారం పీచ్‌పళ్ళతో చేసిన తీపి వంటకం ఒక పళ్ళెం నిండా తెచ్చి, వసారాలో ఆయన పక్కన కూర్చుంది.

"మాకందరికీ తెలుసు, మిస్టర్ రావ్" అంది. "మా అమ్మమ్మ ఆ గదిని ఒక పేరు పెట్టి పిలిచేది. ఆ పేరు నేను నోటితో అనను. అందుకే అది ఉండకూడదంటాను. ఎవరికి మాత్రం సంతోషం, దాన్ని చూస్తే?"

సంఘంవాళ్ళు ముందే అనుకున్నారట. ఇల్లు నిలవాలంటే పెళ్ళిళ్ళకీ పార్టీలకీ అద్దెకివ్వాలి. ఆ వెనక గది తీసేసి అక్కడ పెళ్ళికూతురు అలంకరించుకునే గది, బాత్‌రూములు కట్టాలి. దానికి ఊరి వారసత్వ మండలి ఒప్పుకోవాలంటే, ఆ గది బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైందని ఒక ఇంజినీరు రాసివ్వాలి.

"అడుగు దుంగ ఒకటే పుచ్చిందండీ. మార్చవచ్చు" అన్నాడు రావు.

"మార్చవచ్చు. కానీ ఆ మాట మీరు రాయాలని ఎక్కడుంది?" అని ఆవిడ చిరునవ్వుతో పళ్ళెం ఆయన వైపు జరిపింది.

ఆవిడ చెడ్డమనిషని ఆయనకి అప్పుడూ అనిపించలేదు. మర్యాదగానే మాట్లాడింది, ఆయన చేతి మీద చెయ్యి కూడా వేసింది. అదే ఆయనకి భరించరానిదైంది. పళ్ళెం అంచునుంచి పాకం బొట్లు బొట్లుగా కారుతోంది. రకూన్‌ల అటక మీద కూడా ఇంత రోత పుట్టలేదు ఆయనకి. ఆ పెంటని ఎవరూ చక్కెర వేసి చేతికివ్వలేదు. థాంక్స్ చెప్పి పళ్ళెం పట్టుకుని కార్ దాకా నడిచాడు. అన్నం మెతుకు పారేయడం పాపమని పెరిగిన మనిషి, ఊరు దాటాక గ్యాస్ స్టేషన్‌లో ఆగి దాన్ని చెత్తబుట్టలో ఒంపేశాడు.

రాసి మాత్రం ఇచ్చాడు. దుంగ ఒకటి మార్చితే గది ఇంకో వందేళ్ళు నిలుస్తుందని, అది ఇంటితోపాటే కట్టిందని రాశాడు. కారొలిన్ ఇంకో ఇంజినీరుని పిలిపించుకుంది.

ఆ ఊళ్ళో టాలివర్ ఇంటిపేరుతో నల్లవాళ్ళు కూడా ఉన్నారని, ఒకప్పటి యజమాని పేరే వాళ్ళకి మిగిలిందని, రైలుపట్టాల అవతల చర్చి దగ్గర అడగమని డ్వేనే చెప్పాడు. ఒక ఆదివారం రావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, ప్రార్థన అయ్యేదాకా బయట నిలబడ్డాడు. లోరీన్ టాలివర్ అనే పెద్దావిడని చూపించారు. ఎనభై దాటింది. జీవితమంతా స్కూల్ బస్ తోలిందట. మెట్ల మీద కుర్చీ వేసుకుని విసనకర్రతో విసురుకుంటోంది. రావు తన ఇంగ్లీషులో గది సంగతి, కొక్కేల సంగతి, నున్నబడ్డ దుంగల సంగతి చెప్పాడు. ఆవిడ చివరిదాకా వింది.

"ఇప్పుడేం చేయమంటావు? లేచి నీ భుజం తట్టాలా?" అంది. "ఆ గది గురించి నాకు నువ్వు చెప్పాలా? మా అమ్మ మమ్మల్ని ఆ రోడ్డున నడవనిచ్చేది కాదు. రేపు పిడుగుపడి అది కాలిపోయిందంటే, ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తింటాను."

రావు క్షమించమని చెప్పి వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక ఆవిడే పిలిచింది.

"పడగొడతానంటున్నది ఎవరు?"

"కారొలిన్ గారు."

విసనకర్ర ఆగింది. "పిడుగు పడితే పడనీ. ఆవిడ చేత్తో మాత్రం వద్దు. చేతులు కడుక్కునే హక్కు ఆవిడకి లేదు" అంది లోరీన్.

మండలి విచారణ సిటీ హాల్‌లో జరిగింది. కారొలిన్ తెచ్చిన ఇంజినీరు పుచ్చిన దుంగ ఫొటోలు తెర మీద చూపించి, ప్రమాదమన్నాడు. రావు ఆఫీస్ మీటింగుల్లో కూడా నోరు విప్పని మనిషి. రాసి తెచ్చుకున్న కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. దుంగలు ఏం చెబుతున్నాయో అంతవరకే చెప్పాడు. మండలి సభ్యుడొకాయన, అది మాంసం నిలవుండటానికి పొగబెట్టుకునే గది అయుండవచ్చు కదా అని అడిగాడు. పొగబెట్టిన గదిలో మసి ఉంటుందని, ఇక్కడ వీపుల గుర్తులున్నాయని రావు జవాబిచ్చాడు. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

అప్పుడు లోరీన్ లేచింది. ఆవిడ వస్తుందని రావుకి తెలియదు. కర్ర ఊతంతో మైకు దాకా నడిచి, "ఆ గది అంటే నాకు ఇష్టం లేదు. మీకూ ఇష్టం ఉండకూడదు. ఉంచండి" అని చెప్పి, అటునుంచి అటే బయటికి వెళ్ళిపోయింది.

ఒక్క ఓటు తేడాతో గది నిలిచింది. బాత్‌రూములు పెరట్లో వేరే కట్టుకోమన్నారు. పెళ్ళిళ్ళకి అద్దెకివ్వడానికి అభ్యంతరం లేదన్నారు. కారొలిన్ రావుతో మాట్లాడటం మానలేదు. కాకపోతే అప్పటినుంచి తీపి వంటకాలు తేలేదు.

ఆ చలికాలం రావు, డ్వేన్ కలిసి గదిని జాకీల మీద లేపి అడుగు దుంగ మార్చారు. పాతది చేతుల్లో నానిన అటుకుల్లా విడిపోయింది. లోపల లావుపాటి తెల్లపురుగులు. కొత్త ఓక్ దుంగ దిగ్గొట్టి, సందులు సున్నపు మట్టితో నింపి, ఆ నున్నటి పట్టీ జోలికి మాత్రం ఎవరూ పోకుండా దానికి అడ్డంగా గుడ్డ కట్టి పనిచేశారు.

వసంతంలో ఇల్లు తెరిచారు. హైవే మీదనుంచి వచ్చే జనానికి బాగా నచ్చింది. అద్దెకి తీసుకున్న మొదటి తెలుగు కుటుంబం ఎవరో కాదు, వినీత్ వాళ్ళే. కూతురి హాఫ్ శారీ ఫంక్షన్. రావు పనిచేసిన ఇల్లని ఆయన్ని గౌరవించడానికే తీసుకున్నానన్నాడు. వసారా నిండా బంతిపూల దండలు, ఇత్తడి గంటలు, అరిటాకులు. రావు సిల్కు కుర్తా వేసుకుని, ఉజ్వలతో కాస్త ఆలస్యంగా, మొదటి పంక్తి భోజనాలయ్యేవేళకి వెళ్ళాడు. వెళ్ళగానే వినీత్ ఎదురొచ్చి, "అన్నా, వెనక రూమ్‌ల ఫొటోలు సూపర్ వచ్చినయ్. గా వుడ్ షైన్ ఉంది చూడు, ఫొటోగ్రాఫర్ ఫిదా అయిండు" అని ఫోన్ చూపించాడు.

ఫొటోలో లంగా ఓణీలో పిల్ల ముద్దుగా ఉంది. కింద కూర్చుని, నున్నటి దుంగలకి వీపు ఆనించి నవ్వుతోంది.

రావు ఫోన్ తిరిగిచ్చేసి ఇంటి వెనక్కి నడిచాడు. ఫొటోలు అయిపోయాక కేటరింగ్ వాళ్ళకి ఆ గది చెత్త పడేసుకోవడానికి అనువుగా కనిపించింది. గుమ్మం దాకా నల్లసంచులు. ఒకటి పగిలి, బిర్యానీ ఎముకలు, ఎంగిలి పెరుగుచట్నీ, పసిపిల్లల డైపర్ కలిసి కొత్త దుంగ మీదుగా కారుతున్నాయి. అప్పుడే ఈగలు ముసిరాయి.

వెనకే వచ్చిన వినీత్‌కి ఆ గది ఏమిటో రావు చెప్పాడు. గట్టిగా చెప్పలేదు. వినీత్ మొహం పాలిపోయింది. "నాకేం తెల్సన్నా? ముందే చెప్తే బుక్ చేసేటోణ్నే కాదు" అన్నాడు. అది నిజమే. వేరే హాలేదో బుక్ చేసుకుని, ఈ గదంటూ ఒకటుందని తెలియకుండానే బతికేసేవాడు. 

ఈలోగా, మనవరాలి ఫంక్షన్‌కని మళ్ళీ వచ్చిన ధర్మారావు పంచె అంచు ఎత్తిపట్టుకుని వచ్చాడు. అల్లుడి చేత సంగతి విన్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"శుభమా అని ఓణీలిస్తూ, పిల్లని తీసుకెళ్ళి అలాంటివాళ్ళున్న కొట్లో కూర్చోబెట్టారా?" అన్నాడు. "ముందు దానికి తలస్నానం చేయించండి. ఆ బట్టలు మార్పించండి."

రావు ఆ పెద్దాయన వైపు చూశాడు. జీవితంలో తాను ఎన్నిటినో చూసి మొహం తిప్పుకున్నాడు, ఎంగిలి గ్లాసుల్ని, ఉమ్ముల్ని, పెంటకుప్పల్ని. వాటిలో ఏదీ ఇంత రోతగా లేదు. "స్నానం పిల్లకెందుకండీ?" అని మాత్రం అన్నాడు. చెప్పులు విడిచి, కుర్తా చేతులు మడిచి, లోపలికి వంగి దూరాడు. గ్లవ్స్ లేవు. పగిలిన సంచిని ఉత్త చేతులతో ఎత్తి గుండెకి ఆనించుకుని బయటికి తెచ్చాడు. వసారాలో పాటలు మోగుతూనే ఉన్నాయి. రెండో సంచికి ఆయన తిరిగొచ్చేసరికి ఉజ్వల పట్టుచీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని లోపల ఉంది. ఆవిడ ముక్కు ముడుచుకునే ఉంది.  ఇద్దరూ కలిసి గది ఖాళీ చేసి, పెరట్లో గొట్టం లాక్కొచ్చి కడిగి, భోజనం చేయకుండా ఇంటికి వెళ్ళిపోయారు.

వినీత్ ఆ తరవాత ఫోన్ చేయలేదు. రావూ చేయలేదు. ఆ గదిని ఏ ఫంక్షన్‌కీ వాడకూడదని సంఘం రూలు పెట్టింది. గుమ్మం పక్కన ఒక ఇత్తడి పలక బిగించారు. దాని మీది రాత కారొలిన్‌ది: "ఇంటి సహాయకుల గది." రావు అది చదివి, పాకం కారుతున్న పళ్ళెం మళ్ళీ ఎదురుగా పెట్టినట్టు నిలబడిపోయాడు. ఆ ఆదివారం చర్చి దగ్గరికి వెళ్ళి లోరీన్‌కి చెప్పాడు. ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

"బానిసలు అని రాయమను. స్పెల్లింగ్ ఏమంత కష్టం కాదు" అంది.

రావు మళ్ళీ మండలికి అర్జీ పెట్టుకుని, మళ్ళీ మైకు ముందు నిలబడ్డాడు. ఈసారి చేతిలో కాగితం లేదు. పలక మార్చడానికి వాళ్ళు చాలా నెలలు తీసుకున్నారు. మార్చారు. కారొలిన్ ఇప్పుడు ఆ ఊరి కిరాణా షాపులో ఎదురైతే తల పంకించి పక్క వరసలోకి తిరిగిపోతుంది. రావుకి ప్లేనోలో కాంట్రాక్ట్ ఉద్యోగం దొరికింది. శనివారాలు మాత్రం హాల్‌బ్రూక్‌లోనే ఉంటాడు. వచ్చినవాళ్ళకి ముందుగదులు చూపించి, తరవాత వెనక గది దగ్గరికి తీసుకెళ్ళి, కొక్కేలు ఎటువైపున్నాయో చూడమంటాడు. కొందరు చూస్తారు. కొందరు ఫోన్లు చూసుకుంటారు. లోపల ఆ నున్నటి పట్టీ మీద చెయ్యి పెట్టబోయేవాళ్ళని ఆపుతాడు.

లోరీన్‌ని ఒకసారి కార్‌లో తీసుకొచ్చి చూపిస్తానన్నాడు. ఆవిడ రానంది. ఊడుస్తున్నావా అని అడిగింది. ప్రతి శనివారం ఊడుస్తున్నానన్నాడు.

"మంచిది" అంది ఆవిడ. "నేను మాత్రం రాను."